రాయి, సీసం, తెర

ఎలక్ట్రానిక్ ప్రచురణ ఎప్పుడు మొదలైందని అడిగితే చదువుకున్నవాళ్ళు ఠక్కున ఒక తేదీ చెప్తారు. 1971 జూలై 4. ఆ రోజు అమెరికాలో మైకేల్ హార్ట్ అనే విద్యార్థి తమ దేశ స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటర్లోకి ఎక్కించాడు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అలా పుట్టింది. ఇంకొందరు 2007లో కిండిల్ వచ్చినప్పటి నుంచి లెక్కేస్తారు. తేదీలు సరైనవే. కానీ అవి సీసపు అక్షరం అచ్చొచ్చినవాళ్ళ తేదీలు. మాకు అసలు అచ్చే సరిగ్గా అచ్చిరాలేదు. మా లెక్క ఇంకా వెనక్కి పోతుంది, ఒక రాతిపలక దగ్గరికి.

మేం అంటే తెలుగులో రాసే ముస్లింలం. మాలో కొందరికి ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. దూదేకుల ఇళ్ళల్లో చాలావరకు ఇంటిమాట కూడా తెలుగే. తాతలు చదివిన పుస్తకాల లిపి మాలో చాలామందికి కూడబలుక్కుంటే తప్ప రాదు. మేం రాసింది ఆ తాతలు చదవలేకపోయారు. ఒకే ఇంట్లో రెండు లిపులు, ఒకదాని మొహం ఒకటి చూడకుండా బతికాయి. ఈ రెండూ కంప్యూటర్ తెర మీదికి ఏ దారిన వచ్చాయి, ఆ దారిలో రాసేవాడికి ఏం దక్కింది, ఏం జారిపోయింది అన్నది మాకు సాంకేతిక నిపుణులకు వదిలేసే సంగతి కాదు. ఎలక్ట్రానిక్ ప్రచురణ రచయితకు మేలా కీడా అని అడిగేవాళ్ళకు మేం ఆ దారి చూపించే జవాబు చెప్పగలం.

ఉర్దూ రాసే నస్తలీఖ్ గీత మీద కుదురుగా కూచోదు. మాట కుడివైపు పైన మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. పక్కన ఎవరున్నారో చూసుకుని ప్రతి అక్షరం తన ఆకారం మార్చుకుంటుంది. పోతపోసిన సీసపు అక్షరాలేమో ఒకే ఎత్తున, ఒకదాని పక్కన ఒకటి, కవాతుకొచ్చిన సిపాయిల్లా నిలబడతాయి. ఈ రెంటికీ పొసగలేదు. 19వ శతాబ్దం మొదట్లో కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీవాళ్ళు నస్తలీఖ్‌కు సీసపు అక్షరాలు పోయించి పుస్తకాలు వేశారు. చదివేవాళ్ళ కన్ను ఒప్పుకోలేదు. యంత్రం ముందు తమ లిపిని వంచడానికి ఉర్దూవాళ్ళు సిద్ధపడలేదు. ఇది మొండితనమని తర్వాత చాలామంది రాశారు. ఔను, మొండితనమే. ఆ మొండితనం లేకపోతే ఆ లిపి ఈ రూపంలో మిగిలేది కాదు.

ఆదుకున్నది రాతి అచ్చు. దీన్ని 1796 ప్రాంతంలో జర్మనీలో అలోయిస్ సెనెఫెల్డర్ కనిపెట్టాడు. ఆయన ఇంజనీరు కాదు, నాటకాలు రాసుకునేవాడు. నాటకం అచ్చేయించుకుని అప్పులపాలై, ముద్రాపకుడి గడప తొక్కకుండా తన రాత తానే అచ్చేసుకునే ఉపాయం కోసం రాళ్ళతో, జిడ్డు సిరాతో కుస్తీపట్టాడు. రచయిత తన ప్రచురణ తానే చేసుకోవాలనే తపన నిన్నా మొన్నా పుట్టింది కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ పద్ధతి మనదేశానికి 1820లలో వచ్చింది. కాతిబ్ జిడ్డు సిరాతో ప్రత్యేకమైన కాగితం మీద చేత్తో రాస్తాడు. ఆ కాగితాన్ని రాయికి ఒత్తితే రాత తిరగబడి రాయి మీద పడుతుంది. రాయిని తడుపుతారు. జిడ్డున్నచోట నీళ్ళు నిలవవు, అక్కడే సిరా అంటుకుంటుంది. మళ్ళీ కాగితం వేసి ఒత్తితే రాత సూటిగా వస్తుంది. సీసమూ అక్కర్లేదు, పోత కొలిమీ అక్కర్లేదు. ఒక రాయి, ఒక ఖలం, ఒక మంచి చెయ్యి చాలు. 1858లో లక్నోలో మున్షీ నవల్ కిశోర్ పెట్టిన ప్రెస్సు ఈ పద్ధతిలోనే ఖురాన్ ప్రతుల దగ్గర్నుంచి ఉర్దూ, ఫారసీ, అరబ్బీ పుస్తకాలను కుప్పలుగా వేసి సామాన్యుడి ఇంటికి చేర్చింది. పెట్టినవాడు హిందువు. అప్పట్లో దాన్ని ఎవరూ వింతగా చూడలేదు గనక మేం కూడా వింతగా చెప్పడం లేదు.

చవకైన అచ్చు రాసేవాడికి నోరిచ్చింది. ఆ నోటికి ముప్పు కూడా అక్కడే మొదలైంది. ఢిల్లీలో రాతి అచ్చు మీద ఉర్దూ అఖ్బార్ నడిపిన మౌల్వీ మహమ్మద్ బాకర్‌ను 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళు చంపేశారు. తేలిగ్గా ప్రచురించగలగడానికీ తేలిగ్గా దొరికిపోవడానికీ మధ్య దూరం ఎప్పుడూ తక్కువే.

రాతి అచ్చులో ఇంకో తమాషా ఉంది. రచయితకూ చదువరికీ మధ్య ఒక మనిషి కూచుంటాడు. ఆయన చెయ్యి బాగుంటే సాదా గజల్ కూడా వెలిగిపోతుంది. ఆయన కునుకు తీస్తే షేర్ అర్థమే మారిపోతుంది. 'సహ్వె కాతిబ్' అని ఉర్దూలో ఒక మాటే ఉంది - కాతిబ్ పొరపాటు అని. ఎందరు కవులు తమ తప్పుల్ని ఆ మాట చాటున దాచుకున్నారో లెక్కలేదు. ఇవాళ తెర మీద రాసేవాళ్ళకు ఆ చాటు లేదు. తప్పు ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

తెలుగువైపు కథ వేరు. తెలుగుకు సీసం కుదిరింది. కష్టంగానే అనుకోండి. గుణింతాలు, ఒత్తులు అన్నీ కలిపి వందల గళ్ళ కేసు ముందు నిలబడి కంపోజిటరు ఏరుకోవాలి. కానీ కుదిరింది. పిఠాపురం ఉమర్ అలీషా (1885-1945) వంటివాళ్ళు ఆ సీసంతోనే తెలుగు పద్యాలూ నాటకాలూ అచ్చేయించి కవులనిపించుకున్నారు. అయితే ఆ కేసులో లేని గళ్ళు కొన్ని ఉన్నాయి. మా ఇళ్ళల్లో నమాజ్‌లో పలికే 'జ' వేరు, జాబులో పలికే 'జ' వేరు. ఖాలాలో 'ఖ' గొంతు లోపల్నుంచి వస్తుంది. ఫాతిమాలో 'ఫ' పెదవీ పన్నూ కలిసి పలికేది. సీసపు కేసుకు ఇవన్నీ ఒకటే. ధ్వని పోతే పోయింది, మాటన్నా మిగిలిందా అంటే అదీ అనుమానమే. అమ్మీ, అబ్బా, దస్తర్‌ఖాన్, జనాజా అని రాసి పంపితే అచ్చులో కొన్నిసార్లు 'అమ్మ', 'నాన్న', 'విస్తరి', 'శవయాత్ర' అయి తిరిగొచ్చేవి. దిద్దినవాళ్ళకు దురుద్దేశం ఉందని మేం అనం. వాళ్ళకు అది తెలుగులా కనిపించలేదు, అంతే. ఆ 'అంతే' బరువు మోసింది మేం.

1990లలో వచ్చిన మార్పును మేం మామూలు మార్పుగా చూడం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో ముస్లింవాద కవితల సంకలనం 'జల్‌జలా' వచ్చింది. 1999లో మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', 2004లో 'వతన్' కథాసంకలనం. ఈ గొంతులు ఎందుకు లేచాయో అందరికీ తెలుసు, బాబ్రీ మసీదు కూలిన దశాబ్దమది. ఎలా అచ్చయ్యాయన్నది తక్కువమంది ఆలోచిస్తారు. అప్పటికి సీసపు కేసులు మూలపడుతున్నాయి. బజార్లో చిన్న గదిలో ఒక కంప్యూటర్, ఒక లేజర్ ప్రింటర్ పెట్టుకుని డీటీపీ చేసేవాళ్ళు జిల్లా కేంద్రాలకూ తాలూకా ఊళ్ళకూ వచ్చేశారు. పేజీకింత అని ఇస్తే రాసింది రాసినట్టు కొట్టిపెడతారు. అమ్మీ అని రాస్తే అమ్మీ అనే పడుతుంది. నాలుగు కాపీలు చాలంటే జిరాక్సు, 500 కావాలంటే ఆఫ్‌సెట్. పెద్ద ప్రచురణకర్త ఆమోదం అక్కర్లేదు, పత్రిక దయ అక్కర్లేదు. దళిత, స్త్రీవాద, ముస్లిం గొంతులు సొంత ప్రచురణలుగా అన్ని వచ్చాయంటే ఆ చిన్న గదుల పాలు అందులో తక్కువేం కాదని మా అభిప్రాయం. తెర మీద చదవడం తర్వాతి మాట. తెర మీద కూర్చి కాగితం మీద వేసిన ఆ రోజుల్లోనే మాకు ఎలక్ట్రానిక్ ప్రచురణ మొదలైంది.

ఉర్దూవైపు అదే పని ఇంకాస్త ముందే, ఇంకో దేశంలో జరిగింది. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖుష్‌నవీస్ నస్తలీఖ్‌ను అక్షరాలుగా కాకుండా అక్షరాల జోడింపులుగా చూశాడు. దాదాపు 20 వేల జోడింపులను చేత్తో రాసి మోనోటైప్ కంపెనీ యంత్రంలోకి ఎక్కించారు. తండ్రి పేరు మీద దానికి నూరీ నస్తలీఖ్ అని పేరు పెట్టాడు. 1981లో లాహోర్ 'జంగ్' పత్రిక ఆ లిపితో వెలువడింది. ఏ లిపినైతే యంత్రం ముందు వంచడానికి ఉర్దూవాళ్ళు ఒప్పుకోలేదో, ఆ లిపికి యంత్రమే వంగింది. అందుకు నూట డెబ్భై ఎనభై ఏళ్ళు పట్టింది. 1994లో ఢిల్లీ కంపెనీ ఒకటి 'ఇన్‌పేజ్' అనే ప్రోగ్రాం తెచ్చింది. మామూలు కంప్యూటర్లో ఉర్దూ పేజీ కట్టుకోవడం దాంతో సాధ్యమైంది. దొంగ కాపీలు ఊరూరా తిరిగాయి. ఉర్దూ అచ్చు ప్రపంచం కొద్ది ఏళ్ళలోనే దాని మీదికి వెళ్ళిపోయింది.

కాతిబ్‌లు ఏమయ్యారు?

ఒకప్పుడు ఉర్దూ పత్రికాఫీసంటే వరసగా కూచున్న కాతిబ్‌లు. మోకాలి మీద పలక, చేతిలో ఖలం. సాయంత్రానికి పేజీ నింపాలి. చివరి నిమిషంలో వార్త వస్తే రాసిన దాంట్లోంచి ముక్క కోసి ఇంకో ముక్క అంటించాలి. ఆ చేతిపని ఒక తరంలో పోయింది. మద్రాసులో 1927లో మొదలైన 'ముసల్మాన్' దినపత్రిక ఇన్‌పేజ్ వచ్చాక కూడా ఏళ్ళ తరబడి చేతిరాతతోనే వచ్చింది గనక దేశదేశాలవాళ్ళు కెమెరాలు పట్టుకుని వెళ్ళారు. వింతగా మారేదాకా మన చేతిపనిని ఎవరూ చూడరు. హైదరాబాద్ ఛత్తాబజార్‌లో ఖలం పట్టిన చేతులు షాదీ కార్డుల మీదికి, సైన్‌బోర్డుల మీదికి మళ్ళాయి. తర్వాత కార్డులు కూడా కంప్యూటర్లోనే. రచయితకు మేలు జరిగింది కదా అని మేం చప్పట్లు కొట్టలేం. ఎందుకంటే రచయితా కాతిబూ మాలో చాలా ఇళ్ళల్లో ఒకే మనిషి. రాత్రి తన గజల్ రాసుకుని పగలు పక్కవాడి వార్త రాసి పొట్ట పోసుకున్నవాడు. ఎలక్ట్రానిక్ ప్రచురణ ఆయన గజల్‌కు దారి చూపించింది, ఆయన రొట్టెను తీసుకుపోయింది. లాభనష్టాల పట్టీ రాసేవాళ్ళు ఈ రెంటినీ వేర్వేరు పేజీల్లో రాస్తారు. ఆ ఇంట్లో అవి ఒకే రోజు జరిగాయి.

ఇక మేం ఎక్కువగా బాధపడే సంగతి. 1990లలో మేం తెర మీద కూర్చిన ఆ పుస్తకాల ఫైళ్ళు ఎక్కడున్నాయి? ఫ్లాపీలో వేసి ఇచ్చారు. ఫ్లాపీ పెట్టే యంత్రమే పోయింది. ఒకవేళ ఫైలు దొరికినా అందులో ఉన్నది తెలుగు కాదు. అను, శ్రీలిపి లాంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల గళ్ళల్లో తెలుగు బొమ్మల్ని కూచోబెట్టాయి. ఆ ఫాంటు ఉన్నంతసేపూ అది కవిత. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలు, డాలర్ గుర్తులు. ఇన్‌పేజ్ పాత ఫైళ్ళదీ ఇదే గతి, దాని సంకేతాలు దానివే. అందుకే ఉర్దూ పత్రికలు మొదట్లో ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు వార్తల్ని అక్షరాలుగా కాకుండా బొమ్మలుగా పెట్టాయి. చూడొచ్చు. వెతకలేం, ఎత్తి రాసుకోలేం. కంటికి లిపి కనిపిస్తోంది, యంత్రానికి అక్కడ ఏమీ లేదు.

ఇది తప్పనిసరి దుస్థితి కూడా కాదు. ప్రపంచ లిపులన్నిటికీ ఒకే సంకేతాల పట్టిక ఇచ్చే యూనికోడ్ మొదటి రూపం 1991లోనే వచ్చింది. అందులో తెలుగూ ఉంది, అరబ్బీ లిపీ ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అయినా తెలుగు అచ్చు ప్రపంచం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి పాత ఫాంట్లనే పట్టుకు వేలాడింది. అలవాటు ఒక కారణం, అచ్చులో అక్షరం అందంగా పడాలన్న పట్టుదల ఇంకో కారణం. నస్తలీఖ్ అయితే ఇంకా ఆలస్యం. ఫోన్లలో, కంప్యూటర్లలో అది తనంతట తాను వచ్చేసరికి 2010లు దాటిపోతున్నాయి. విండోస్‌లో 2012లో, గూగుల్ నోటో ఫాంట్లలో 2014లో, ఐఫోన్‌లో 2017లో. పెద్ద ప్రచురణ సంస్థలు తమ ఫైళ్ళను జీతగాళ్ళతో మళ్ళీ కొట్టించుకున్నాయి. 500 కాపీలు సొంత డబ్బుతో వేసుకున్న కవి ఏ జీతగాణ్ణి పెట్టుకుంటాడు? నస్తలీఖ్ రాతి మీద అచ్చేసిన 19వ శతాబ్దపు పుస్తకాన్ని ఇవాళ తెరిచి చదవొచ్చు. 1996లో ఫ్లాపీలో వేసుకున్న కవితను తెరవలేం. మా తరం గురించి ఎవరైనా పరిశోధన చేస్తే ఈ ఖాళీ వాళ్ళకు తగులుతుంది.

మంచి జరగలేదని కాదు. చాలా జరిగింది, దాన్ని తగ్గించి చెప్పడం అన్యాయం. హైదరాబాదు, కడప, గుంటూరు, నెల్లూరు నుంచి దుబాయికీ రియాద్‌కూ దోహాకూ పోయిన మావాళ్ళకు తెలుగు పుస్తకం పంపాలంటే సెలవుకొచ్చిన వాళ్ళ సూట్‌కేసులో చోటు అడగాల్సి వచ్చేది. పచ్చళ్ళకూ మందులకూ పోగా మిగిలిన చోటు. తెర మీదికి వచ్చాక ఆ బాధ పోయింది. రాత్రి డ్యూటీ అయ్యాక క్యాంపు గదిలో ఫోనులో కథ చదివి, రాసినవాళ్ళకు వాయిస్ మెసేజ్ పెట్టే చదువరి మాకు అచ్చు రోజుల్లో లేడు. ఇంట్లో మగవాళ్ళ చేతికివ్వకుండా, పోస్టాఫీసుకు పోకుండా, తన పేరుతోనో మారుపేరుతోనో కథను లోకానికి పంపగలిగిన ఆడపిల్లకు ఈ తెర ఇచ్చిన తెరువు ఏ సంపాదకుడూ ఇవ్వలేదు.

సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో 'అక్షరశిల్పులు' వేశారు. తెలుగులో రాసిన 300కు పైగా ముస్లిం కవుల, రచయితల పరిచయాలు అందులో ఉన్నాయి. ఇలాంటి పుస్తకం కాపీలు అయిపోతే మళ్ళీ వేసే నాథుడుండడు. ఆయన దాన్ని, తన ఇంకొన్ని పుస్తకాలను స్వేచ్ఛా లైసెన్సు కింద తెలుగు వికీసోర్సుకు ఇచ్చేశారు. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ కూచుని యూనికోడ్‌లో కొట్టి, దిద్ది పెట్టారు. ఎవరైనా ఒక పేరు వెతికితే ఆ పేజీ తెరుచుకుంటుంది. మేం ఎంతమందిమి రాస్తున్నామని సభల్లో అడిగేవాళ్ళకు చూపించడానికి చేతిలో ఒక జవాబు దొరికింది. డబ్బు రాకపోయినా ఇంతకన్నా పెద్ద ప్రతిఫలం ఏముంటుందని అడిగేవాళ్ళున్నారు. సొంత ఇష్టంతో ఇవ్వడం వేరు, ఇవ్వక తప్పని పరిస్థితి వేరు అని మాత్రం చెప్తాం.

పాత పుస్తకాల సంగతి కూడా అంతే. చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలో కార్నెగీ మెలన్ నుంచి నడిపించిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా మన గ్రంథాలయాల్లోని తెలుగు, ఉర్దూ పుస్తకాలు వేలాదిగా స్కాన్ అయ్యాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో అవి కొన్నేళ్ళు దొరికాయి. పేర్లు మాత్రం రోమన్ స్పెల్లింగుల్లో చిందరవందర. రచయిత పేరు తెలిసినవాడికి కూడా పుస్తకం దొరికేది కాదు. ముస్లిం పేర్లు అయితే నాలుగైదు రకాలు. ఆ సైటు తర్వాత మూతపడింది. అదృష్టంకొద్దీ లక్షల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరాయి. ఉర్దూకు 2013లో మొదలైన 'రేఖ్తా' ఆ పని ఇంకా శ్రద్ధగా చేసింది. ఒకే షేర్‌ను ఉర్దూ, దేవనాగరి, రోమన్ లిపుల్లో చూపించింది. తాత లిపి రాని మనవలకు అది ఎంత ఊరటో వేరే చెప్పాలా? తెలుగు లిపిలో మాత్రం చూపించలేదు. ఉర్దూను తెలుగు లిపిలో చదువుకునేవాళ్ళు ఇంతమంది ఉంటారని ఎవరికి తోస్తుంది!

డబ్బు దగ్గరికి వద్దాం. 2000 మార్చిలో అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ ఒక పెద్ద కథను కాగితం మీద వేయకుండా తెర మీదే అమ్మితే మొదటి 24 గంటల్లో 4 లక్షల కాపీలు పోయాయి. ఇక ప్రచురణకర్తల పని అయిపోయిందన్నారు. అదే సంవత్సరం జూలైలో ఆయన చదువరుల నిజాయితీని నమ్మి ఒక నవలను భాగాలుగా పెట్టాడు, చదివినవాళ్ళు డాలరు పంపాలని. డిసెంబరుకల్లా మధ్యలో ఆపేశాడు. కింగ్‌కు ఆపేస్తే పోయేదేం లేదు. 2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్ భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు, ఉర్దూ లేదు. మేం రెండు వైపులా బయటే నిలబడ్డాం. తెలుగుకు 2010లో 'కినిగె' వచ్చింది, మొదటిసారి అమ్మిన ప్రతి కాపీకి లెక్క కనబడింది. కానీ ఒకడు కొంటే ఆ పీడీఎఫ్‌లాంటివి నలభై గ్రూపుల్లో తిరగడం కూడా ఈ కాలంలోనే అలవాటైంది. తిప్పేవాళ్ళు దొంగలు కారు, అభిమానులు. "మీ పుస్తకం అందరికీ పంపానన్నా" అని సంతోషంగా ఫోను చేసి చెప్తారు. ఏమనగలం?

అచ్చు మాకు డబ్బులిచ్చిందని కూడా అబద్ధం ఆడలేం. సొంతంగా వేసుకున్నాం, ఆవిష్కరణ సభలో సగం పంచాం, మిగతావి అల్మారా పైన పెట్టాం. తెరతో పోయింది ఆదాయం కాదు. పోయింది ఖర్చు. ఆ ఖర్చు లేకపోవడం వల్ల రాసింది వారం రోజులు పక్కన పెట్టి మళ్ళీ చదువుకునే ఓపిక కూడా తగ్గిందేమోనన్నది మా అనుమానం. పేజీకింత అని కట్టేటప్పుడు ఒక్కో పాదం తూచుకునేవాళ్ళం.

హక్కుల గురించి మావాళ్ళకు తెలిసింది తక్కువ. అమెరికాలో పత్రికలకు విడిగా రాసే రచయితలు, తమ వ్యాసాల్ని అడగకుండా ఎలక్ట్రానిక్ భాండాగారాలకు ఎక్కించారని న్యూయార్క్ టైమ్స్ మీద కేసు వేశారు. 2001 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 7-2తో రచయితల పక్షాన తీర్పిచ్చింది. గెలిచారు. గెలిచాక ఆ పత్రిక వాళ్ళ వ్యాసాల్ని భాండాగారాల్లోంచి తీసేయడం మొదలుపెట్టింది. హక్కు దక్కింది, రాత కనబడకుండా పోయింది. మనదేశంలో 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు 18వ సెక్షన్‌లో ఒక మాట చేర్చారు. హక్కులు రాసిచ్చిన నాటికి లేని మాధ్యమానికి ఆ ఒప్పందం వర్తించదు, దాని పేరెత్తి రాసుకుంటే తప్ప. 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయని ఒప్పందం 5 ఏళ్ళకే పరిమితం. సంకలనాల కోసం, పత్రికల కోసం ఒక కాగితం మీద సంతకం పెట్టి మరిచిపోయినవాళ్ళు మాలో చాలామంది. ఆ కాగితమన్నా లేకుండా నోటిమాట మీద ఇచ్చినవాళ్ళు ఇంకా ఎక్కువమంది. ఆ కథలు ఆడియోలుగా, యాప్‌ల్లో, ఇంకోచోట ఇంకో రూపంలో కనిపించినప్పుడు చట్టం ఏ వైపుందో తెలియక ఊరుకుంటున్నారు. చట్టం చాలాసార్లు రాసినవాళ్ళ వైపే ఉంది.

తెర మీద ఉన్నది ఎవరి చేతిలో ఉన్నట్టు? 2009 జూలైలో అమెజాన్, జార్జ్ ఆర్వెల్ '1984' కాపీలను కొన్నవాళ్ళ కిండిల్‌లలోంచి రాత్రికి రాత్రి తీసేసింది. అమ్మినవాడికి హక్కులు లేవన్నది కారణం, తర్వాత క్షమాపణ చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో జియోసిటీస్ మూతపడి లక్షలమంది సొంత పేజీలు పోయాయి. 2019లో మైక్రోసాఫ్ట్ తన పుస్తకాల దుకాణం మూసేస్తే కొన్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి, డబ్బు వాపసిచ్చారు. పుస్తకం కొనుక్కున్నాం అనుకుంటాం, అద్దెకు తీసుకున్నామని మూసేసే రోజు తెలుస్తుంది. మా రాతల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కొన్నిసార్లు పదిమంది కలిసి ఫిర్యాదు చేస్తే చాలు, ఒక కవిత కనబడకుండా పోతుంది. ఎందుకు పోయిందో అడగడానికి మనిషి దొరకడు. దిద్దే సంపాదకుడితో కనీసం పోట్లాడేవాళ్ళం.

కనబడటమే ముప్పయిన రోజులూ చూశాం. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న ఇంకోసారి ముస్లిం మహిళల ఫోటోలు పెట్టి వేలం పాటలంటూ యాప్‌లు నడిపారు. అందులో పాత్రికేయులున్నారు, రాసేవాళ్ళున్నారు. అరెస్టులు జరిగాయి. మారుపేరుతో కథ పంపిన ఆడపిల్లకు తెర తెరువైందని పైన రాశాం. ఆ తెరువు గుండానే ఇదీ వచ్చింది. ఆ తర్వాత ఫోటో తీసేసినవాళ్ళు, పేరు మార్చుకున్నవాళ్ళు ఉన్నారు. రాయడం ఆపినవాళ్ళ లెక్క ఎవరు తీస్తారు?

ఒక చిన్న విషయం మిగిలింది. సీసపు కేసులో లేవన్న ఆ ధ్వనుల కోసం కొన్ని అచ్చు పుస్తకాల్లో అక్షరం కింద చుక్క పెట్టే పద్ధతి ఉండేది. హిందీలో నుక్తా అంటారే, అదే. 2021 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 14వ రూపంలో తెలుగు లిపికి నుక్తా చేరింది. దాని చోటు 0సీ3సీ. తెలుగు గళ్ళు యూనికోడ్‌లోకి వచ్చిన 30 ఏళ్ళకు ఆ చుక్క వచ్చింది. పత్రికల్లో ఎవరూ రాయలేదు, సభ ఎవరూ పెట్టలేదు. పట్టికలో చోటు దొరికినంత మాత్రాన ప్రతి ఫాంటులోకీ, ప్రతి ఫోను కీబోర్డులోకీ అది రాదు. ఫాంటు గీసేవాళ్ళకు అడిగేవాళ్ళు కావాలి. నూరీ నస్తలీఖ్‌కు ఒక ఖుష్‌నవీస్ కుటుంబం 20 వేల జోడింపులు రాసిచ్చింది. మాకు కావలసింది ఒక్క చుక్క. ఫాంట్లు చేసే కుర్రాళ్ళు హైదరాబాదులోనే ఉన్నారు. వాళ్ళకు జహీర్‌లో 'జ' ఎలా పలుకుతుందో వినిపించి, ఎక్కడ చుక్క పడాలో కాగితం మీద గీసి ఇవ్వాలి. పాత ఫ్లాపీలు, అను ఫైళ్ళు ఎవరి దగ్గరున్నాయో ఊరూరా అడిగి యూనికోడ్‌లోకి మార్చే పని కూడా దాంతోపాటే పెట్టుకోవాలి. మార్చే ప్రోగ్రాంలు ఉన్నాయి. అవి ఒత్తుల్ని అక్కడక్కడా తప్పుగా మారుస్తాయి, పక్కన అచ్చు ప్రతి పెట్టుకుని ఒక మనిషి కూచుని దిద్దాలి. ఆ కూచునే మనిషిని ఇదివరకు కాతిబ్ అనేవాళ్ళం.